పసరు పడ్డాక సూది పడకూడదట

మా అమ్మకి డాక్టర్లంటే నమ్మకం లేదని ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. మోకాలు నొప్పి పుడితే ఆమెకి గుంటూరు స్పెషలిస్టు కావాలి. కంట్లో శుక్లం వస్తే లేజరు కావాలి. ఒక్క కామెర్ల దగ్గరకి వచ్చేసరికే ఆసుపత్రులన్నీ ఆమెకి దండగైపోతాయి. ఆమె ఒక్కతే కాదు, మా వైపు సగం మంది ఇంతే. కళ్ళు పచ్చబడ్డాయంటే చాలు, ఇంజనీరుగారైనా పంతులుగారైనా పరగడుపున పసరుకి బయల్దేరతారు.

మా తమ్ముడిది రేపల్లె. వాడు, వాడి భార్య, అమ్మ ఒకే ఇంట్లో ఉంటారు. వాడికి రొయ్యల చెరువులున్నాయి. ఒక్క రొయ్య నీరసపడి గట్టు పక్కకి వచ్చిందంటే వాడికి అన్నం సయించదు. నీళ్ళు సీసాలో పట్టుకుని ల్యాబుకి పరిగెడతాడు. రొయ్యని వెలుతురుకి ఎత్తి పట్టుకుని తల దగ్గరుండే దాని లివర్ రంగు మారిందేమోనని చూస్తాడు. అంత శ్రద్ధ ఉన్నవాడు, తన లివర్‌ని మాత్రం పేరు కూడా తెలియని ఆకురసం చేతిలో పెట్టాడు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు వాడిని రెండు వాయించాలనిపిస్తుంది.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజులవి. వాడికి జ్వరం వచ్చింది, వాంతులయ్యాయి, చేపల కూర వాసన వస్తే పక్క గదిలోకి పారిపోయేవాడు. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. రేపల్లెలోనే రక్తపరీక్ష చేయించారు. అక్కడి డాక్టరు మంచి మాటే చెప్పాడు. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు, చాలామందికి విశ్రాంతితో తగ్గిపోతాయి, వారంలో మళ్ళీ చూపించండి, మగతగా ఉంటే మాత్రం వెంటనే తీసుకురండి అన్నాడు. మందులేమీ పెద్దగా రాయలేదు. అదే ఆయన చేసిన నేరం. మందు రాయని డాక్టరుకి మందు తెలియదని మావాళ్ళు తేల్చేశారు.

"బాపట్ల అవతల ఒక పెద్దాయన పసరు పోస్తాడంట. మూడు మోతాదులంట. కామెర్లు దిగిపోతాయంట," అని అమ్మ ఫోన్‌లో చెప్పింది.

"పోయించుకుంటే పోయించుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్ళడం మాత్రం మానొద్దు," అన్నాను.

"రెండూ కుదరవే! పసరు పడ్డాక సూది పడకూడదు. ఇంగ్లీషు మందు దానికి విరుగుడు. పడిందా, మొదటికే మోసం."

ఈ కట్టుబాటు పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు. దొరికితే అడుగుదామని ఉంది. ఆకురసం తాగితే తాగారు, అది వేరే సంగతి. దాన్ని తాగినవాడు ఆసుపత్రి గడప తొక్కకూడదనడం మాత్రం మనిషిని గదిలో పెట్టి తాళం వేయడమే.

నేను తెనాలిలో కర్రీ పాయింట్ నడుపుతాను. ఆవేళ పొయ్యి మా ఆయనకి అప్పజెప్పి, రైలెక్కి బాపట్లలో దిగి, ఆటోలో ఆ ఊరికి పోయాను. వాడిని వెనక్కి లాక్కురావాలనే పోయాను. అప్పటికే అమ్మా వాడూ కారులో వచ్చి వరసలో కూర్చున్నారు. పాక ముందు ఎన్ని కార్లో! ఒళ్ళో పిల్లల్ని పెట్టుకున్న తల్లులు, టక్ చేసుకున్న ఉద్యోగస్తులు, అందరివీ పసుపు కళ్ళే. పెద్దాయన మాత్రం మెత్తటి మనిషి. పైసా తీసుకోడు. ఎవరింట్లోనూ మంచినీళ్ళు కూడా ముట్టడట. ఊరికే ఇచ్చేవాడు మోసం ఎందుకు చేస్తాడని అందరి ధీమా. ఆయన మోసం చేస్తున్నాడని నేనూ అనను. ఆయనకీ తెలియదు, అంతే. తెలియనితనానికి డబ్బు తీసుకోకపోతే అది తెలివైపోతుందా?

నూరిన ఆకుని గుడ్డలో పెట్టి మేకపాలలోకి పిండాడు. తమ్ముడు గుక్క తిప్పుకోకుండా తాగాడు. తర్వాత వాడి చేతులకి ఏదో రాసి సున్నపు తేటతో పళ్ళెంలోకి కడిగాడు. నీళ్ళు పచ్చగా మారాయి.

"చూశావా, దిగతన్నాయి!" అని అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏం ఆకండీ ఇది?" అని పెద్దాయన్ని అడిగాను.

"చెప్పకూడదమ్మా. చెపితే పనిచెయ్యదు."

నా గొంతు లేచింది. వరసలో వాళ్ళందరూ నావైపు తిరిగి, "ఏంటమ్మా, ఇష్టం లేకపోతే పక్కకి జరుగు, మావాళ్ళకి ఎండెక్కుతోంది," అన్నారు. మా తమ్ముడు తలవంచుకుని, "అక్కా, గొడవ చెయ్యకే. అమ్మ తృప్తి కోసం," అన్నాడు. మన ఇళ్ళల్లో మగాళ్ళు చాలా పనులు అమ్మ తృప్తి కోసమే చేస్తారు. భార్య తృప్తి కోసం ఎవడూ డాక్టరు దగ్గరికి పోడు.

ఆ తర్వాత చప్పిడి కూడు మొదలైంది. ఉప్పు లేదు, నూనె లేదు, కారం లేదు. రెండో మోతాదు కూడా పడింది. పసుపు తగ్గకపోగా ఒళ్ళంతా ముదిరింది. "లోపలిదంతా బయటికి లాగుతోంది," అంది అమ్మ. తగ్గితే పసరు గొప్ప, పెరిగినా పసరు గొప్పే!

ఒక మధ్యాహ్నం మా మరదలు ఫోన్ చేసింది. పెరట్లోంచి చేస్తున్నట్టుంది, గొంతు తగ్గించి మాట్లాడింది.

"వదినా, ఈయన పగలంతా నిద్రపోతున్నారండి. రాత్రుళ్ళు లేచి తిరుగుతున్నారు. పొద్దున చెరువుకి వెళ్తానని చొక్కా తిరగేసి వేసుకుని, బొత్తాలు పెట్టుకోవడం రాక అలాగే నిలబడిపోయారు. అత్తయ్యగారేమో పసరు మత్తు అంటున్నారు."

ఆ ఇంట్లో కళ్ళు తెరిచి చూసినది ఆ పిల్ల ఒక్కతే. నేను గరిటె పడేసి బయల్దేరాను.

వెళ్ళేసరికి తమ్ముడు మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. దిండు గలీబు మీద రక్తం మరకలు. పళ్ళు తోముకుంటే చిగుళ్ళు కారుతున్నాయట. నోట్లోంచి ఏదో మగ్గిన వాసన. భుజం తట్టి లేపాను. కళ్ళు తెరిచి, చాలా మర్యాదగా, "ఎవరండీ మీరు?" అన్నాడు.

చిన్నప్పుడు వాడికి గోరుముద్దలు తినిపించినదాన్ని. నన్ను పట్టుకుని 'అండి' అన్నాడు. మరుక్షణం ఎక్కడలేని కోపం వచ్చింది. కారు తెమ్మని కేక పెట్టాను. అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఒక్క మోతాదే ఉందే! ఆదివారం దాకా ఆగితే నీ సొమ్మేం పోయింది? ఇప్పుడు సూది పొడిస్తే వాడు నాకు దక్కడు!"

ఆమె ఏడుస్తోంది. కొడుకు చచ్చిపోవాలని ఏ తల్లీ అనుకోదు, ఆమాత్రం నాకూ తెలుసు. తెలిసినా జాలి కలగలేదు. "పక్కకి జరుగుతావా, తోసుకుపోమంటావా?" అన్నాను. జరగలేదు. తోసుకునే పోయాను. మరదలు అప్పటికే సంచి సర్దుకుని కారులో కూర్చుంది.

తెనాలిలో మాకు తెలిసిన డాక్టరమ్మ వాడిని చూడగానే చేతులు రెండూ ముందుకి చాచి, అరచేతులు పైకి ఎత్తి నిలబెట్టమంది. వాహనాలు ఆపే పోలీసులాగా. వాడు చాచాడు. అరచేతులు ఉన్నట్టుండి కిందికి వాలిపోతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి, మళ్ళీ వాలుతున్నాయి. వాడికి తెలియకుండానే. ఆమె ముఖం మారిపోయింది.

"ఇది మత్తు కాదమ్మా. లివర్ చేతులెత్తేసింది. ఒంట్లో పుట్టే విషాలని విరవాల్సింది అదే. అది మానేస్తే విషం మెదడుకెక్కుతుంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన సరుకు కూడా అదే తయారుచేస్తుంది. అందుకే చిగుళ్ళ నుంచి కారుతోంది. మీరంతా కళ్ళ పసుపు చూస్తూ కూర్చున్నారు. చూడాల్సింది రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందని, మనిషికి తెలివి ఎలా ఉందని."

"రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదని మాత్ర ఏమైనా వేశారా?" అని కూడా అడిగింది. లేదన్నాం. ఇలాంటప్పుడు నిద్రమాత్ర వేస్తే మనిషి లేవకపోవచ్చునట. జ్వరం బిళ్ళలు ఎన్ని మింగాడో అడిగింది. అవి ఎక్కువైనా లివర్‌ని దెబ్బతీస్తాయట. ఆఖరికి, "ఇంకేం తాగాడు?" అంది.

"పసరు."

"ఏం ఆకు?"

పేరు మాకెవరికీ తెలియదు. చెపితే పనిచెయ్యదట! సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆమె ఒక్క మాట కూడా దెప్పకుండా అంబులెన్సుకి ఫోన్ చేసింది.

లివర్ మార్చే వసతి ఉన్న పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయాం. దారిలో వాడు మా పిలుపుకి పలకడం మానేశాడు. అక్కడ ఐసీయూలో తలవైపు మంచం ఎత్తుగా పెట్టారు, మెదడు వాయకుండా ఉండటానికని చెప్పారు. చక్కెర ఒక్కసారిగా పడిపోతుందని గ్లూకోజు ఎక్కిస్తూ మాటిమాటికీ వేలు పొడిచి చూశారు. విరేచనం సాఫీగా అవడానికి తియ్యటి సిరప్ గొట్టంలోంచి పోశారు. లివర్‌ని ఆదుకునే మందేదో చుక్కలు చుక్కలుగా ఎక్కించారు. సూది పడకూడదన్న ఒంటి మీద సూది లేని చోటు కనపడలేదు.

పెద్ద డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. తనంతట తను తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు. గడ్డకట్టే టైము ఇంకా పెరిగితే లివర్ మార్చాలి. ఇంట్లో ఎవరైనా ముక్క ఇవ్వచ్చు, ఇచ్చినవాళ్ళకి మళ్ళీ పెరుగుతుంది. నేను ఇస్తానన్నాను. గ్రూపు కూడా కలిసింది. అప్పటికి వచ్చి చేరిన అమ్మ అందరికన్నా ముందు మాట్లాడింది.

"పెళ్ళైన పిల్లవి. మీ అత్తగారింట్లో అడక్కుండా నువ్వెలా ఇస్తావే?"

"నా కడుపులో ఉన్న లివర్‌కి మా అత్తగారి సంతకం ఎందుకమ్మా?" అని హాలు దద్దరిల్లేలా అరిచాను. నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది. మా ఆయన మాత్రం ఫోన్‌లో, "నువ్వు ఇవ్వాలనుకుంటే ఇవ్వు, మా అమ్మకి నేను చెప్పుకుంటా," అన్నాడు. పాపం, ఆయన్ని ఈ కోపం లెక్కలోంచి తీసేస్తున్నాను.

ఇవ్వాల్సిన పని పడలేదు. గడ్డకట్టే టైము ముందు ఆగింది, తర్వాత కొద్దికొద్దిగా దిగింది. ఒక ఉదయం తమ్ముడు కళ్ళు తెరిచి, "అక్కా, ఆకలేస్తోంది," అన్నాడు. అక్కడే కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను.

ఇక్కడితో నా కోపం తీరిపోవాలి. తీరలేదు.

వాడికి ఆ రోజులేవీ గుర్తులేవు. విషం మెదడుకి ఎక్కినప్పుడు అంతేనన్నారు. చొక్కా తిరగేసుకున్నది, నన్ను 'ఎవరండీ' అన్నది, అంబులెన్సు, గొట్టాలు ఏమీ తెలియవు. గుర్తున్న ఆఖరి సంగతి రెండో మోతాదు పసరు తాగడం. ఆ తర్వాత తెలిసింది ఆకలి. మధ్యలోది పూడ్చడానికి వాడు ఇంటికి రాగానే అమ్మ కూర్చుంది. "రెండు మోతాదులు పడబట్టి నిలబడ్డావురా నాన్నా. మూడోది కూడా పడనిస్తే ఆసుపత్రి పనే ఉండేది కాదు." వాడు నమ్మాడు. నేను చెప్పింది విని, "నువ్వు కంగారు మనిషివి అక్కా," అని నవ్వాడు.

నెలలు తిరిగాక వాళ్ళ వీధిలో డిగ్రీ చదివే పిల్లకి కళ్ళు పచ్చబడ్డాయి. నేను ఆవేళ రేపల్లెలోనే ఉన్నాను. తమ్ముడు కారు తీసి తల్లినీ పిల్లనీ ఎక్కమంటున్నాడు, బాపట్లకి. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆ తల్లికి జరిగిందంతా చెప్పాను. చిగుళ్ళు, దిండు, చేతులు, అన్నీ. వాడు అడ్డుపడ్డాడు.

"ఎందుకక్కా పాపం వాళ్ళని భయపెడతావ్? ఎదురుగా నేను బతికి ఉన్నాగా? ఇంకేం సాక్ష్యం కావాలి?"

ఆ తల్లి వాడివైపు చూసింది. నిండుగా, ఎర్రగా, నవ్వుతూ ఉన్నాడు. నావైపు చూసింది. జుట్టు రేగి, గొంతు బొంగురుపోయి నేనున్నాను. పిల్లని కారెక్కించింది. పిల్ల పగలు మగతగా ఉన్నా, మాట తడబడినా ఒక్క పూట కూడా ఆగొద్దని కారు అద్దంలోంచి అరిచి చెప్పాను.

ఆ పిల్లకి తగ్గిపోయింది. చాలామందికి తగ్గినట్టే తగ్గింది. నేను నిజంగానే సంతోషించాను.

మొన్న కూరలు పొయ్యి మీదుండగా మరదలు ఫోన్ చేసింది. పక్క వీధిలో నెలలు నిండుతున్న అమ్మాయికి కామెర్లట. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవి ప్రాణం మీదికి తేవచ్చని డాక్టరమ్మ ఒకసారి నాతో అంది. "ఆపవే, కారు తాళాలు దాచెయ్, నేను వస్తున్నా," అన్నాను.

"వెళ్ళిపోయారండి వదినా," అంది. "ఆ అమ్మాయి భయపడి ఎక్కనంటే, మన వీధిలో ఆ డిగ్రీ పిల్లని కూడా వెంట తీసుకెళ్ళారు. తనకి ఎలా తగ్గిందో దారి పొడుగునా చెప్పడానికి."