లారీ ఆఫీసులో పెళ్ళిచూపులు

మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ అప్పటిదాకా ఇంటర్వ్యూ మొహం చూసి ఎరగరు. వాళ్ళకి తెలిసిన ఇంటర్వ్యూ ఒక్కటే, పెళ్ళిచూపులు. అందుకని బందరు రోడ్డులోని ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి నాకు పిలుపు రాగానే అమ్మా, పెద్దమ్మా కలిసి నన్ను అచ్చం పెళ్ళిచూపులకి తయారుచేసినట్టే తయారుచెయ్యడం మొదలుపెట్టారు.

డెబ్బైల నాటి సంగతి. పటమటలో ఉండేవాళ్ళం. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. నేను టైపూ, షార్టుహ్యాండూ పాసై, ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. వసారాలోంచి పెరట్లోకి, పెరట్లోంచి వసారాలోకి. ఆ సమయంలోనే గుడివాడ నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి చాలా మంచివాడట. ఎవరి మంచితనమూ నాకప్పుడే అక్కర్లేదు మొర్రో అంటే వినేదెవరు?

"ఈ ఉద్యోగం వస్తే రెండేళ్ళు ఆగుతాను. రాకపోతే వాళ్ళకి సరేనని కబురు పెట్టేస్తాను," అన్నారు నాన్న. ఆయన మాటంటే మాటే.

పెద్దమ్మ కుర్చీ వేసుక్కూర్చుని ఆఫీసరు అవతారం ఎత్తింది. "కాళ్ళు ఊపమాకు. మొహంలోకి చూడమాకు. అడిగినదానికే చెప్పు, అదీ నెమ్మదిగా."

"వాళ్ళకి వినపడకపోతేనో?"

"మళ్ళీ అడుగుతార్లే. గట్టిగా మాట్టాడే పిల్లని ఎవరు తీసుకుంటారే?"

పక్కన నిలబడి అమ్మ తలూపింది. అమ్మ గొంతు మా గుమ్మం దాటి వినపడటం నేనెప్పుడూ ఎరగను. చర్చిలో పాటలప్పుడు కూడా పెదాలు మాత్రమే కదిలేవి.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే చర్చికి కట్టే తెల్లచీర నాకు కట్టి, తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేసి పంపారు. లారీ ఆఫీసుకి తెల్లచీరేమిటి, నా ఖర్మ కాకపోతే! లోపలికి అడుగుపెట్టేసరికే కుచ్చిళ్ళకి గ్రీజు అంటుకుంది. వరండాలో బల్ల మీద కూర్చోమన్నారు. లోపల ఫోన్లు మోగుతున్నాయి. ఎవరో విశాఖపట్నానికి ట్రంక్ కాల్ చేసి గొంతు చించుకుంటున్నారు. నాకు కూర్చోబుద్ధి కాదు. లేచి వెళ్ళి ఆ లారీలన్నీ ఎక్కడికి పోతున్నాయో అడగాలని, ఆ ఫోను ఒక్కసారి అందుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. కాలు దానంతటదే ఊగుతుంటే మోకాలి మీద చెయ్యి వేసి అదిమిపెట్టాను.

పిలిచారు. మేనేజరుగారు, పక్కన ఒక గుమాస్తా. కుర్చీ అంచున కూర్చుని తల దించాను.

"పేరేంటమ్మా?"

చెప్పాను.

"ఆఁ?"

మళ్ళీ చెప్పాను.

"సరుకు పంపే పార్టీలతో, డ్రైవర్లతో ఫోన్లో మాట్టాడాలి. ఒక్కోసారి పోట్లాడాలి కూడా. చెయ్యగలవా?"

"చేస్తానండీ," అని నా ఒళ్ళో ఉన్న చేతిరుమాలుకి చెప్పాను.

వాళ్ళిద్దరూ మొహాలు చూసుకున్నారు. అయిపోయింది, ఇక గుడివాడే అనుకున్నాను. మేనేజరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఎంతో ఆప్యాయంగా, "మీరు ఏ చర్చికి పోతారమ్మా?" అన్నారు. చెప్పాను. ఆయన గుమాస్తా వైపు తిరిగి, "ఎంత కుదురైన పిల్లో చూశావా! ఈ రోజుల్లో ఎక్కడున్నారయ్యా ఇట్టాంటోళ్ళు?" అని, మళ్ళీ నా వైపు తిరిగారు. "ఈ పని నీవల్ల కాదు గానీ, మా తోడల్లుడి కొడుకు ఏలూరులో ఉన్నాడు. మీ నాన్నగారిని ఓసారి నన్ను కలవమను."

అరికాలి మంట నెత్తికెక్కింది. గుడివాడ తప్పించుకుందామని వస్తే ఏలూరా!

లేచి నిలబడ్డాను. "నేను ఉద్యోగానికొచ్చానండీ! సంబంధానికి కాదు! టైపొచ్చు, షార్టుహ్యాండొచ్చు, ఎవరితోనైనా సరే పోట్లాడతాను! కావాలంటే ఆ ఫోను ఇప్పుడే ఇటివ్వండి!"

బయట బస్తాలు ఎత్తుతున్నవాళ్ళు ఆగిపోయారు. ఓ డ్రైవరు కిటికీలోంచి తొంగిచూశాడు. ఎలాగూ పోయింది కదా అని అలాగే నిలబడ్డాను.

ముందు గుమాస్తా తేరుకున్నాడు. "ఈ అమ్మాయికి ట్రంక్ కాలెందుకండీ, ఇక్కణ్ణించి అరిస్తే విశాఖపట్నంలో వినపడుద్ది," అన్నాడు.

మేనేజరుగారు కళ్ళజోడు పెట్టుకుని నన్ను కొత్తగా చూశారు. "ఈ గొంతు ఇందాకట్నించీ ఎక్కడ దాచావమ్మా? సోమవారం వచ్చెయ్."

ఇంటికి నడిచానో పరిగెత్తానో గుర్తులేదు. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. "ఓరి దేవుడో, పరువు తీశావు గదే!" అని పెద్దమ్మ విసనకర్ర అందుకుంది. నాన్న గుడివాడకి ఏమని కబురు పెట్టాలా అని ఆలోచనలో పడ్డారు.

సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గరికి నన్ను పిలిచింది. "ఏదీ, అక్కడ ఎట్టా అరిచావో ఇంకోసారి అను."

నెమ్మదిగా చెప్పబోయాను.

"అట్టా కాదు. అక్కడ అన్నట్టే అను."

అరిచాను. పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగిచూశారు. అమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది. నవ్వి, అదే చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నీ అంత ఉన్నప్పుడు మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ మా ఇంటికొచ్చింది. మీ తాతయ్య ముందే, నర్సు ట్రైనింగుకి వస్తావా అని నన్నడిగింది," అంది పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూ. "వస్తాననే అన్నానే. ఎవరికీ వినపళ్ళేదు. మళ్ళీ ఎవరూ అడగలేదు."