మనిషిని చూసి భయం ఇచ్చేవాడు

తమిళనాడులో పెరియకుళం నుంచి బోడినాయకనూరు పోయే బస్సు దారిలో, మామిడి మండీలు దాటగానే ఒక చిన్న గ్రంథాలయం ఉంది. ఇరవై ఆరేళ్లుగా దానికి దొరసామే దిక్కు. తలుపు తీసేదీ ఆయనే, ఊడ్చేదీ ఆయనే, పుస్తకం మీద తేదీ ముద్ర కొట్టేదీ ఆయనే. పొద్దున పూట పరీక్షలకు చదివే పిల్లలు వచ్చి పేపర్లు తిరగేసి పోతారు. మధ్యాహ్నం నుంచి వచ్చేవాళ్లు మాత్రం దొరసామి సొంత మనుషులు. వాళ్లకు కావలసింది హత్య, లేకపోతే దెయ్యం.

"సార్, బాగా భయపెట్టేదొకటి ఇవ్వండి" అని ఎవరైనా అడిగితే ఆయన అలమర వైపు చూడడు, ఆ మనిషి వైపు చూస్తాడు. ఇల్లెక్కడ, ఇంట్లో ఎవరెవరుంటారు, ఏం పని చేస్తావు అని ఆరా తీస్తాడు. తోటలో ఒంటరిగా కాపలా పడుకునేవాడికి బావిలోంచి పేరు పెట్టి పిలిచే ఆడమనిషి కథ. పాత ఇల్లు చవగ్గా కొన్నవాడికి గోడలో శవం. మొగుడు ఊరికే నవ్వుతూ ఫోన్ చూసుకుంటున్నాడని గొణిగే టీచరమ్మకు, నవ్వుతూనే భార్యను చంపిన భర్త. భయం పుస్తకంలో ఉండదని, చదివేవాడి ఇంట్లోనే నిద్రపోతుంటుందని, దాన్ని తట్టి లేపే పుస్తకమేదో తనకు తెలుసనీ ఆయన గొప్ప. ఆ మాట అబద్ధమని ఎవరూ అనలేరు. తీసుకుపోయినవాళ్లు తిట్టుకుంటూ వచ్చి ఇంకోటి అడిగేవాళ్లు.

జీపు నడిపే అళగర్‌సామి సంగతి ఊరంతా తెలుసు. ఏలక్కాయ తోటలకు కూలివాళ్లను ఘాట్ రోడ్డు మీద ఎక్కించి దించడం అతని పని. దొరసామి అతనికి కొండ మలుపులో జీపు ఆపే తెల్ల చీర కథ ఏరి ఇచ్చాడు. అంతే, పొద్దు వాలాక అళగర్‌సామి కొండెక్కడం మానేశాడు. తోటవాళ్లు ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. ఇద్దరు పిల్లల తండ్రి, ఇప్పుడు మండీలో పెట్టెలు మోస్తున్నాడు. ఆ సంగతి దొరసామి వచ్చినవాళ్లందరికీ చెప్పి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే రెండు తగిలించాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఎవరూ తగిలించలేదు, అక్కడే వచ్చింది చిక్కు.

ఇంట్లో ఆయన తల్లి రంగనాయకి, భార్య కర్పగం. కూతురు నిత్య పెళ్లై కోయంబత్తూరులో ఉంది. ఎన్ని తరాలు గడిచినా ఇంట్లో మాట తెలుగే. చదువు మాత్రం తమిళం, దొరసామికి తన పేరు కూడా తెలుగులో రాయడం రాదు. బడి, సినిమా, టీవీ, పుస్తకం అన్నీ తమిళమే. పాలు విరిగాయనీ, మామకు జ్వరమనీ, ఎవరింటి పిల్ల ఎవరితో మాట్లాడిందనీ చెప్పుకోవడానికే తెలుగు.

రంగనాయకికి ఎనభై రెండేళ్లు. రెండేళ్ల కింద చూపు పూర్తిగా పోయింది. మదురై తీసుకుపోయి చూపిస్తే ఇక లాభం లేదన్నారు. అప్పటి నుంచి తల దువ్వడం, నీళ్లు పోయడం, వేళకు అన్నం, పాలు అన్నీ కర్పగమే. ముప్పై ఒక్క ఏళ్ల కోడరికంలో అత్త నోటి నుంచి మంచి మాట వినకపోయినా, ఆ రెండేళ్లలో ఒకసారి "నీ చెయ్యి చల్లగా ఉండాదే" అనిపించుకుంది. ఆ మాట నిత్యకు ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

గ్రంథాలయానికి శుక్రవారం సెలవు. ఒక శుక్రవారం మధ్యాహ్నం రంగనాయకి అడిగింది. "ఊరందరికీ పుస్తగాలు ఇస్తావే, గుడ్డిదానికి ఏమీ లేదా? నాకొకటి చెప్పరా."

దొరసామి తల్లిని కూడా ఆ పాఠకుల్లో ఒకరిని చూసినట్టే చూశాడు. కన్నతల్లి అని చూడలేదు. కళ్లు లేని ముసలిదానికి దేనికి భయం? చేతికి ఏమిస్తున్నారో కనపడకపోవడానికి. ఆలోచించి ఒక హత్య నవల ఎంచాడు. చెన్నైలో ఒక పెద్ద అపార్టుమెంటు, డబ్బున్న అత్త, రోజూ పాలల్లో కాస్త కాస్త విషం, అనుమానమంతా కోడలి మీద.

అపార్టుమెంటు, లిఫ్టు, వాచ్‌మన్ అని చెబుతుంటే రంగనాయకి ఆవులించింది. "ఏందిరా ఇది, ఉప్పు లేని కూడు మాదిరి ఉండాది. మన ఇండ్లలో జరిగేదిగా లేదే" అంది.

దొరసామికి అది తగలరాని చోట తగిలింది. ఆయన ఇచ్చింది చప్పగా ఉందని ఇరవై ఆరేళ్లలో ఎవరూ అనలేదు. మరుసటి శుక్రవారానికి కథను చెన్నై నుంచి దించి తెచ్చి ఇలాంటి ఊళ్లో, ఇలాంటి ఇంట్లో పెట్టాడు. లిఫ్టు పోయి పెరడు వచ్చింది. అప్పుడే వంటింట్లో కర్పగం పాలల్లో చక్కెర కలుపుతోంది. కలిపాక చెంచాను గ్లాసు అంచుకు రెండుసార్లు తట్టడం ఆమెకు అలవాటు. ఆ చప్పుడు వినగానే దొరసామికి మెరుపులా తోచింది. "ఆ కోడలు పాలు కలిపి, చెంచాతో రెండుసార్లు తట్టేది. టక్, టక్. తరవాత తెచ్చి, అత్తా, వేడిగా ఉండాది, నిదానంగా తాగండి అనేది" అన్నాడు.

కర్పగం గ్లాసు తెచ్చి, "అత్తా, వేడిగా ఉండాది, నిదానంగా తాగండి" అంది.

రంగనాయకి వేళ్లు కొడుకు మోకాలిని గట్టిగా పట్టుకున్నాయి. దొరసామికి ఒళ్లు పులకరించింది. ఏ పాఠకుడూ ఆయనకు అంత సుఖం ఇవ్వలేదు. తల్లి వణుకుతుంటే సంతోషించిన కొడుకుని ఏమనాలో మీరే చెప్పండి.

ఆ రుచి మరిగి కథను నాలుగు శుక్రవారాలు సాగదీశాడు. కోడలి కాలి మెట్టెల చప్పుడు చేర్చాడు, దగ్గు చేర్చాడు, అత్త జుట్టు ఊడిపోవడం చేర్చాడు. చివరి ఇరవై పేజీలు మిగిలి ఉండగా రంగనాయకి చెయ్యెత్తి ఆపింది. "చాలు నాయినా. నాకు అర్థమయింది. నువ్వింక చెప్పే పని లేదు."

భయపడిందనుకుని దొరసామి మురిసిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి రంగనాయకి పాలు తాగలేదు. వారంలో కాఫీ మానేసింది. ఆ తరవాత కర్పగం కలిపిన అన్నం నోట్లో పెట్టుకుని, ఆమె అటు తిరగగానే గుడ్డలోకి ఊసేది. తన చేత్తో తొక్క ఒలుచుకున్న అరటిపండు తప్ప ఏదీ లోపలికి పోలేదు. ఏం చేసిందో తెలియక కర్పగం ఏడ్చింది, గుడికి మొక్కుకుంది, చారులో కారం తగ్గించింది. అరిగింది ముసలావిడ ఒక్కతే కాదు, ఇద్దరూ అరిగిపోయారు.

నెల తిరిగేసరికి రంగనాయకి కబురు అంది, పెరియకుళం నుంచి ఆమె తమ్ముడు అప్పసామి కారు తెచ్చాడు. వరండాలో నిలబడే, లోపలికి రాకుండానే అన్నాడు. "అక్కను పిలుచుకొని పోతా ఉండాను. నువ్వు జాడగా, నేరుగా అనకుండా చెప్పింది మంచిదాయె దొరసామీ. పెండ్లాన్ని ఎదిరించలేని మొగోడివైనా, తల్లి ప్రాణం కాపాడినావు."

దొరసామికి మొదట నవ్వొచ్చింది, తరవాత సంగతి అర్థమయింది. వాళ్ల ఇళ్లల్లో ఒక మర్యాద ఉంది. కొడుకు తల్లి ముందు పెళ్లాం తప్పును నోరు తెరిచి చెప్పడు. చెప్పక తప్పకపోతే 'ఎవరింట్లోనో ఒక కోడలు' అని మొదలుపెడతాడు. పెద్దవాళ్లు అర్థం చేసుకుని ఊరుకుంటారు. ఆ మర్యాద దొరసామికి తెలియక కాదు. కథ రక్తి కడుతుంటే గుర్తుకు రాలేదు.

"అది కద, మామా! పుస్తగంలో ఉండే కద!" అని పరుగెత్తి పుస్తకం తెచ్చాడు.

రంగనాయకి దాన్ని తడిమి పక్కకు తోసింది. "కదంటే అరవంలో వస్తుంది. నువ్వు మన మాటలో చెప్పినావు. కొడుకు తల్లికి మన మాటలో చెప్పింది కద ఎట్ల అయ్యేను?"

కర్పగం గుమ్మంలో నిలబడి అంతా వింది. కారు పోయాక పుస్తకం తీసుకుని లోపలికి వెళ్లింది. ఎనిమిదో తరగతి చదివిన మనిషి, కూడబలుక్కుంటూ రెండు రోజుల్లో పూర్తి చేసింది. మూడో రోజు భర్త ముందుకు వచ్చి కూర్చుంది.

"దీంట్లో చెంచా లేదే. మెట్టెలు లేవే. దగ్గు లేదే. అదంతా నేను గదా?"

కర్పగం చివరి పేజీలు తిప్పి ఆయన ముందు పెట్టింది.

"కడాన ఆ కోడలు ఏ తప్పూ చేయలేదంట. చంపింది ఇంటికొచ్చే డాక్టరంట. అది ఎందుకు చెప్పలేదు మీరు?"

"అమ్మే వొద్దనింది."

"నన్నెందుకు పెట్టినారు దీంట్లో?"

"నువ్వుంటే... బాగా భయం వస్తుందని."

కర్పగం పుస్తకం మూసింది. ముప్పై ఒక్క ఏళ్లు కాపురం చేసిన మనిషి, చప్పుళ్ల కోసం తనను అమ్ముకున్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ బాధకు ఏడుపు కూడా రాలేదు. "పోయి చెప్పండి. మీ నోటితోనే చెప్పండి" అంది.

పోయాడు. అప్పసామి ఇంట్లో తల్లి మంచం పక్కన కూర్చుని, చెంచా చప్పుడు తానే కల్పించానని, పుస్తకంలో లేదని ఒట్టేసి చెప్పాడు. రంగనాయకి ఎముకల గూడులా ఉంది. అయినా మాట మాత్రం కత్తిలాగే వచ్చింది. "లేనిది నీకెట్ల తెలిసె? ఆ చప్పుడు నేను దినమూ వింటి గదరా. అప్పుడు చెప్పింది నిజం. ఇప్పుడు పెండ్లాం చెప్పి పంపించె, కద చెప్తా ఉండావు."

అప్పసామి ఇంట్లో ఎంత పెట్టినా ఎండిన కడుపు పట్టలేదు. అక్కడికొచ్చిన పదకొండో రోజు రంగనాయకి పోయింది.

శవాన్ని లేపే ముందు నోట్లో బియ్యం వేసేటప్పుడు బంధువులంతా వరుసగా వంగి వేశారు. కర్పగం గుప్పెట్లో బియ్యం పట్టుకుని వంగగానే అప్పసామి భార్య ఆమె మణికట్టు పట్టుకుంది. "నువ్వు వొద్దు తల్లీ. ఇంతదాకా తినిపించింది చాలదా?"

అరవై మంది చూస్తున్నారు. దొరసామి ముందుకొచ్చి, అది తన తప్పని, పుస్తకంలో కథకు తానే చెంచా చేర్చానని, మొదటి నుంచీ చెప్పాడు. వెనక నుంచి ఎవరో అన్నారు, "దొరసామికి కద చెప్పేదానికి ఒకరు నేర్పించల్నా?" ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. కర్పగం గుప్పెడు బియ్యాన్ని తిరిగి పళ్లెంలో పోసి, పక్కకు జరిగి నిలబడింది. ఆమె చేతిని అప్పుడు ఎవరూ పట్టుకోలేదు.

సెలవు ముగిసి దొరసామి గ్రంథాలయం తెరిస్తే మధ్యాహ్నం మనుషులు ఎన్నడూ లేనంత మంది వచ్చారు. అందరికీ ఒకటే పుస్తకం కావాలి, ఆయన తల్లిని చంపిన పుస్తకం. ఎవరో తీసుకుపోయారని చెప్పాడు. ఎప్పుడు తిరిగొస్తుందని తేదీ అడిగారు. అళగర్‌సామి కూడా వచ్చి, ఏమీ అడగకుండా, ఒక మూల నిలబడి చూసి పోయాడు.

పదహారో రోజు కర్మకు నిత్య వచ్చింది. కడుపుతో ఉంది, ఐదో నెల. తల్లిని ఒక మాట అన్న అప్పసామి ఇంటివాళ్లను నిత్య పది మాటలంది. "మా అమ్మ చేత్తో పెరిగినదాన్ని నేను. అవ్వను ఎట్ల చూసుకొనిందో నాకు తెలియదా?" అని పందిట్లో అరిచింది. ఆ పూట కర్పగం ముఖంలో ఎన్నాళ్లకో కాస్త కళ కనిపించింది. కర్మ ముగిసేదాకా భోజనాలు వంటవాళ్లు వండారు. నిత్య ఊరికి పోయే రోజు తెల్లవారగానే లేచి కర్పగం కూతురి కోసం పులిహోర కలిపి, అరటాకులో పొట్లం కట్టింది. పొయ్యి ముందు ఆమె ఏదో కూనిరాగం తీసింది. అది విని దొరసామి గుండె కొంచెం నిమ్మళించింది. కూతురు ఒక్కతి నమ్మితే చాలు, మిగిలిన లోకం ఏమైనా అనుకోనీ అనుకున్నాడు.

బస్టాండులో నిత్యను కోయంబత్తూరు బస్సెక్కించి నీళ్ల సీసా కోసం వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి నిత్య కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పొట్లం విప్పి కింద వేసింది. బస్సు నీడలో పడుకున్న కుక్క లేచి వచ్చింది. తండ్రిని చూసి నిత్య ముఖం ఎర్రబడింది.

"అప్పా, అమ్మను నమ్మలేదని అనుకోవొద్దు. నేను నమ్మేది నమ్మేదే. కడుపులో బిడ్డ ఉండాది గదా. చుమ్మా ఊరికే ఎందుకు రిస్కు?"

దొరసామి సీసా అందించాడు. బస్సు కదిలింది.

ఇంటికి వచ్చేసరికి కర్పగం గుమ్మంలోనే ఉంది. "తినిందా?"

"బస్సెక్కంగానే విప్పింది" అన్నాడు దొరసామి. "పక్క సీటు ఆమెకు కూడా కొంచెం పెట్టింది. ఆమె, 'ఎవరు చేసింది, ఇంత వాసన వస్తా ఉండాదే' అంటే, 'మా అమ్మ' అనింది. ఆకు తుడిచి తినింది. వేళ్లు కూడా నాకింది. ఇంకొంచెం కట్టుండొచ్చు గదా అప్పా అనింది."

కర్పగం అంతా వింది.

"ఇంత బాగా చెప్తా ఉండారంటే అది తినలేదు" అంది.

లోపలికి వెళ్లి, గిన్నెలో మిగిలిన పులిహోర కంచంలో పెట్టుకుని, గోడ వైపు తిరిగి ఒక్కతే కూర్చుని తింది.