మిలిటరీకి పోయిన మా వాడు

ఒక్క నిమిషం నోరు మూసుకుని కూర్చుంటే అయిపోయేదానికి, లేచి నిలబడి మైకు అందుకుని మా ఇంటి పరువును కొత్తగూడెం నుంచి పినపాక దాకా పారబోసిన ఘనురాలిని నేను. ఎట్లనో చెప్త, నవ్వుకోండ్రి. నా వంతు ఏడుపు నేనప్పుడే ఏడ్చేసిన.

అప్పుడే నా ఇంటర్ అయిపోయింది. హైదరాబాద్‌ల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుత అని ఎండకాలమంత బతిమాలితే, బొగ్గుబాయిల పనిచేసే మా నాన్న చివరికి "సరే బిడ్డా, సోమవారం పోయి చేర్పిస్త" అన్నడు. మధ్యల ఆదివారం ఒక్కటి బుద్ధిగ గడిపితే చాలు. అదే నాతోని కాలే.

ఎందుకంటే శనివారం నా నెత్తి మీద పిడుగు పడ్డది. నా బయాస్ మిలిటరీకి పోతుండు! బయాస్ అంటే తెల్వదా మీకు? కొరియా పాటల బ్యాండ్‌ల అందర్నీ పక్కన పెట్టి మనం ప్రాణం పెట్టుకునే ఒక్కడు. ఆ దేశంల ఎంత పెద్ద పాటగాడైనా కొన్నాళ్లు సిపాయిగ చెయ్యాల్సిందేనట. వాని గుండు ఫోటో చూసినంక నాకు అన్నం దిగలే. అమ్మ అజీర్తి అనుకుని వాము నీళ్లు తాపింది.

తెల్లారి చర్చిల అయ్యగారు "ప్రార్థన అంశాలు ఉన్నోళ్లు చెప్పండి" అన్నరు. ఒకరి మోకాళ్ల నొప్పులు, ఇంకొకరి ట్రాన్స్‌ఫర్ అయినయి. నా కాళ్లు వాటంతట అవే లేచినయి.

"అయ్యగారూ, మా వాడు మిలిటరీకి పోతుండు. క్షేమంగ తిరిగి రావాలె" అన్న. ఆ కొరియా పేరు ఇక్కడ ఎవ్వరికీ నోరు తిరగదని పేరు మింగేసిన. అంతటితో ఆగినా బతికిపోయేదాన్ని. "వాడు వచ్చేదాక ఎదురుచూస్తనే ఉంట" అని మైకులనే వెక్కివెక్కి ఏడ్చిన.

మా క్వార్టర్ల లైన్ల ఉండే రూతమ్మ అవ్వ ముందు వరుసల నుంచి చేతులెత్తి, "పిల్లను ఏడిపించకు తండ్రీ! పెండ్లికొడుకును కాపాడు!" అని అందుకున్నది. చర్చంత "ఆమెన్" అన్నది. మగవాళ్ల దిక్కు కూర్చున్న మా నాన్న మాత్రం అనలే.

క్వార్టర్‌కు చేరేసరికి మా వెనకాలే అయ్యగారు, అవ్వ గూడ వచ్చిన్రు. అమ్మ నా ఫోన్ గుంజుకుని కవర్ ఊడబీకింది. లోపల ఫోటోకార్డు. గులాబీ రంగు జుట్టుతోని మా వాడు నవ్వుతుండు.

"వీడేనా?" అన్నడు నాన్న.

"అవ్ నాన్న. కానీ ఆయన నాకు ఒప్పా. ఒప్పా అంటే అన్న."

"అన్న కోసం గట్ల ఏడుస్తరా ఎవరన్న?"

"వీడొక్కడే కాదు నాన్న, మొత్తం ఏడుగురున్నరు." విషయం తేలికైతదని చెప్పిన, నా తెలివి తెల్లారినట్టే ఉన్నది.

"ఏడుగురా!" అని అమ్మ గోడకు చేరగిలబడ్డది.

"అందరూ ఇష్టమే అమ్మా. కాకపోతే వీడు బయాస్, ఇంకొకడు బయాస్ రెక్కర్."

"అంటే ఏంది తల్లీ?" అని అయ్యగారు మెల్లగ అడిగిన్రు.

అయ్యగారి ముందు అబద్ధమాడుతనా? "వీని మీదున్న మనసును తన దిక్కు గుంజుకునేటోడు అయ్యగారూ. అప్పుడప్పుడు మక్నే గూడ గుంజుతడు. మక్నే అంటే అందర్ల చిన్నోడు."

"చిన్నోన్ని గూడ వదల్లేదా ప్రభువా!" అమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది.

"ఇగ హైదరాబాద్ లేదు, హాస్టల్ లేదు" అన్నడు నాన్న.

ఏడ్చుకుంటనే అమ్మ చేతులకెంచి ఫోన్ తీసుకుని వాళ్ల పాట పెట్టిన. ఏడుగురు ఎగురుతున్నరు. అందరూ కండ్లార్పకుండ చూసిన్రు. అవ్వ కాలితోని తాళం గూడ ఏసింది.

పాట అయినంక నాన్న అడిగిండు. "వీన్ని ఎప్పుడన్న కలిసినవా?"

"లేదు."

"మాట్లాడినవా?"

"లేదు."

"నీ పేరన్న తెల్సా వానికి?"

"తెల్వదు."

"నువ్వు ఈ లోకంల ఉన్నవనన్న తెల్సా?"

"తెల్వదు నాన్న." చెప్తుంటే నా మీద నాకే జాలేసింది.

నాన్న భుజాలు ఊగిపోయేటట్టు నవ్విండు. "సోమవారమే పోదాం పా. దీని గురించి ఏ భయం లేదు. ఇదొకతి ఉన్నదని తెలిసినోడెవ్వడూ దీనికి నచ్చడు!"

అవ్వ మాత్రం ఆదివారం ఆదివారం మా వాని కోసం ప్రార్థన చేస్తనే ఉన్నది. వాడు మిలిటరీ ముగించుకుని వచ్చినంక లేచి "మన కొరియా అల్లుడు క్షేమంగ వచ్చిండు" అని సాక్ష్యం చెప్తే, చర్చంత చప్పట్లు కొట్టిందట.

కాబట్టి పెద్దలారా, బ్రతికినంత కాలం చర్చిల మైకు ముట్టనని ఇందుమూలంగ ప్రమాణం చేస్తున్న. మా రెక్కర్ మిలిటరీకి పోయిననాడు గూడ దాని మీదనే నిలబడ్డ. అవ్వకు ఫోన్ చేసి చెప్పిన, అంతే.