పసుపు పెయింటు పూసిన గడప

నా చిన్నప్పుడు మా ఇంటి వీధి గడప పుచ్చిపోతే, ఆ నేరం తీసుకెళ్లి మా అమ్మ నెత్తిన వేశారు. ముప్పై ఏళ్లవుతోంది. నా జుట్టు నెరిసింది, మా అవ్వ పోయింది, ఆ ఇల్లు కూడా ఇప్పుడు మాది కాదు. అయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. వయసు పైబడేకొద్దీ కోపాలు చల్లారతాయంటారు. చాలా కోపాలు చల్లారాయి, నిజమే. ఇది మాత్రం చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేనూ ప్రయత్నించలేదు.

మా ఇల్లు పుంగనూరులో ఉండేది. వీధి వాకిలి ఒకటి, పెరటి వాకిలి ఒకటి. రెండింటి ద్వారబంధాలూ గడపలూ ఒకే వేపమానువి. ఇల్లు కట్టేటప్పుడు మా తాతయ్య పొలంలో చెట్టు కొట్టించి, ఏడాది పాటు నీడన ఆరబెట్టించి, రెండు వాకిళ్లూ ఒకే రోజు నిలబెట్టించాడట. ఇంటికి ఎవరొచ్చినా మా అవ్వ ఈ మాట చెప్పకుండా పంపేది కాదు. వీధి గడప అంటే ఆవిడకు ప్రాణం. రోజూ పొద్దున్నే బిందెడు నీళ్లు పోసి కడగాలి, శుక్రవారం పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టాలి. అవ్వకు మోకాళ్ల నొప్పులు కాబట్టి ఈ పనులన్నీ అమ్మవే. పెరటి గడప ఊసు మాత్రం ఎవరికీ పట్టేది కాదు. కుడితి బిందెలు, పేడ తట్టలు, వేరుశనగ మూటలు దాని మీదుగానే పోయేవి.

మా అమ్మ పుట్టిల్లు కుప్పం దగ్గర పల్లె. ఆవిడ మాటలో అరవ యాస దొర్లుతుండేది. దాన్ని పట్టుకుని మా అవ్వ రోజుకు నాలుగుసార్లయినా వెక్కిరించేది. అందరూ నవ్వేవాళ్లు, అమ్మ కూడా నవ్వేది. ప్రతిసారీ ఒక్క మనిషినే వెక్కిరిస్తుంటే అది సరదాకి కాదని పిల్లలకైనా తెలుస్తుంది.

పెరటి గడపను చూసుకున్నది అమ్మ ఒక్కతే. శివరాత్రి దాటి ఎండలు ముదిరి, చెక్క లోపలిదాకా ఎండిందని తెలిశాక, కానుగ నూనె గోరువెచ్చగా కాచి, పాత గుడ్డతో గడపకూ తలుపుకూ పట్టించేది. అది వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్న పని. కాపురానికొచ్చిన కొత్తలో వీధి గడపకూ పూయబోతే మా అవ్వ అడ్డుపడిందట. లక్ష్మీదేవి నడిచే గడపకు ఆ కంపు నూనె ఏమిటని కసిరిందట. ఆ తరువాత అమ్మ వీధి గడప జోలికి నూనెతో పోలేదు.

నాకు పదేళ్లప్పుడు అమ్మకు పక్క ఊళ్లో అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం వచ్చింది. పొద్దున ఎనిమిదింటి బస్సు అందుకోవాలి. వంట చేసి, నాకు జడలు వేసి, గడప కడిగి పరుగు తీసేది. శుక్రవారం పసుపు రాసే తీరిక ఉండేది కాదు. మా అవ్వ సణుగుడు భరించలేక నాన్న ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆ రోజుల్లో మా వైపు అందరూ గడపలకు పసుపురంగు పెయింటు పూయించుకుంటున్నారు. పైన ఎర్ర పెయింటుతో బొట్లు. ఒకసారి పూస్తే ఏడాది పొడుగునా పండగ కళే. నాన్న మదనపల్లె వెళ్లి రెండు డబ్బాలు తెచ్చాడు.

దీపావళి ముందు నాలుగు రోజులుగా ముసురు పట్టి ఉంది. గడప నీళ్లు తాగి నల్లబడింది. తలుపు ఉబ్బిపోయి, భుజంతో నెడితే తప్ప తెరుచుకోవడం లేదు. అలాంటప్పుడు నాన్న కుంచె పట్టుకుని కూర్చున్నాడు.

"చెక్క తడిగా ఉండాది. నాలుగు దినాలు ఎండ కాసినాక పూయొచ్చు కదా" అంది అమ్మ.

"పండక్కి మనుషులు వస్తాండారు. నీ పని నువ్వు సూసుకో" అన్నాడు నాన్న. గుడ్డతో పైపైన తుడిచి పూసేశాడు. డబ్బా పట్టుకుని పక్కన కూర్చున్నది నేనే. ఎర్రబొట్లు నా చేతే పెట్టించాడు. నేను మురిసిపోయాను కూడా. మర్నాటి నుంచి ఆ గడప మీద మళ్లీ మామూలుగానే బిందెడు నీళ్లు పడ్డాయి.

రెండేళ్లు తిరిగాయి. ఎండాకాలంలో ఒక సాయంత్రం నాన్న వీధి తలుపు గట్టిగా లాగాడు. కింది మడతబందు మేకులతో సహా ఊడొచ్చి తలుపు గోడకు ఒరిగింది. ద్వారబంధం అడుగుభాగం పొడిపొడిగా రాలింది. లోపలంతా చెదలు. గడప ఒక కొన మెత్తగా కుంగి ఉంది, పైన పసుపు పెయింటు మాత్రం నిగనిగలాడుతోంది.

మా అవ్వ అరుగు మీద కూలబడి వీధి వీధంతా వినేలా మొదలుపెట్టింది. "ఆడది ఉద్యోగమని ఈ గడప దాటిన దినమే లక్ష్మి కూడా దాటి పోయినాది. పసుపు ముట్టని గడప పుచ్చిపోక ఏమైతాది? ఎందుకు పోయినాదో నాకు తెల్దా!" అని. పక్కింటివాళ్లు తలలూపారు. ఆ పసుపు డబ్బా కొనుక్కొచ్చిన మనిషి అక్కడే నిలబడి ఉన్నాడు. దాన్ని పూసింది తానేనని ఆయన చెప్పలేదు. పైగా అమ్మవైపు తిరిగి, రేపటితో ఉద్యోగం చాలించి రాజీనామా రాసిచ్చేయమన్నాడు.

అమ్మ లోపలికి వెళ్లింది. పొయ్యి దగ్గర కూర్చుని కాసేపటికి నన్ను పిలిచి, నోటుపుస్తకంలోంచి ఒక కాగితం ఇవ్వమంది. ఎందుకో నాకు తెలుసు. గడప ఎందుకు పుచ్చిందో కూడా కొంత తెలుసు, తడి మీద పూశారని తెలుసు. అయినా నాన్నంటే ఉన్న భయంతో నోరు పెగల్లేదు. గీతల నోటుపుస్తకం తెచ్చి, మధ్య పేజీ చింపి అమ్మ చేతికిచ్చాను.

మర్నాడు పొద్దున ఏడింటికే వడ్రంగి తాత వచ్చాడు. ఆ వాకిళ్లు నిలబెట్టింది ఆయన తండ్రే. మా అవ్వ ఆయన దగ్గర కూడా ఆ పాటే అందుకుంది. ఆయన తొందరపడకుండా అంతా విన్నాడు. విని, ఇంట్లో గోతాలు కుట్టే దబ్బనం ఉంటే తెమ్మని నన్ను పంపాడు. తెచ్చి ఇస్తే తాను తీసుకోలేదు. మా అవ్వ చేతికి ఇప్పించాడు.

"గడపలో గుచ్చి సూడమ్మా" అన్నాడు.

అవ్వ గుచ్చింది. రాగిసంకటిలోకి వేలు దిగినట్టు దబ్బనం దిగిపోయింది. బయటికి లాగితే పెయింటు పొర లేచి, అడుగున తడి చెక్క పొట్టు కనిపించింది. ఆయన మా అవ్వను నెమ్మదిగా పెరట్లోకి నడిపించాడు. మేమంతా వెనకే వెళ్లాం. పెరటి గడపను గుచ్చమన్నాడు. దబ్బనం జారింది. రెండోసారి గట్టిగా నొక్కింది, మొన కూడా దిగలేదు.

"రెండూ ఒక మానువే కదమ్మా. దీనికి పసుపు ఎవురు పూసినారు?"

తలుపు వెనక మేకుకు అమ్మ నూనెగుడ్డ వేలాడుతోంది. ఆయన దాన్ని వాసన చూసి మళ్లీ అక్కడే తగిలించాడు. పసుపు రాయనంత మాత్రాన చెక్క పుచ్చదనీ, తడి మీద పెయింటు పూస్తే ఆ తేమ బయటికి పోయే దారి లేక లోపలే చెక్కను తినేస్తుందనీ, రోజూ పోసే నీళ్లు అడుగు సందుల్లోంచి దానికి తోడయ్యాయనీ, తేమ ఉన్న చోటికే చెదలు వస్తాయనీ విడమరిచి చెప్పాడు. తరువాత నాన్నవైపు తిరిగాడు.

"ఎండల్లో పూసినారా అప్పా, వానల్లోనా?"

"ఎండల్లోనే. బాగా ఆరినాకే పూసినా" అన్నాడు నాన్న.

ఆ అబద్ధం వినేసరికి నాకు కోపం నషాళానికెక్కింది. అంతకు ముందెప్పుడూ ఆయన ముందు నేను గొంతు పెంచలేదు. "అబద్ధం! దీపావళి ముసురులో పూసినావు. అమ్మ వద్దనింది. డబ్బా పట్టుకునింది నేనే!" అని అరిచాను. చెంప మీద దెబ్బ పడింది. చెవి గింగుర్లెత్తింది. నేను ఏడవలేదు, చూపు తిప్పలేదు. ముందు తల దించుకున్నది ఆయనే.

వడ్రంగి తాత పనిముట్ల సంచీ విప్పుతూ అమ్మతో అన్నాడు. "అమ్మా, కొత్త గడప ఏస్తా. నూనె ఎప్పుడు పూయాల్నో, నీళ్లు ఎంత పోయాల్నో నువ్వే సెప్పల్ల. ఇంకెవురి మాటా నేను విననమ్మా."

అమ్మ గడియారం చూసింది. రాత్రి రాజీనామా రాసి చెంగుకు ముడేసుకున్న కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పడేసింది. సంచీ తగిలించుకుని, తలుపు లేని వీధి వాకిట్లోంచి బయటికి నడిచి ఎనిమిదింటి బస్సు ఎక్కింది. రిటైరయ్యేదాకా ఆ ఉద్యోగం చేసింది. ఆ ఇంట్లో ఒక్కరైనా ఆవిడతో తప్పు మాదని అన్నారా? అనలేదు. మా అవ్వ కాలం చెడిపోయిందని గొణిగింది, మర్నాటి నుంచి మళ్లీ అరవ యాసను వెక్కిరించింది. మా నాన్న పోయేదాకా ఆ పెయింటు మాట ఎత్తలేదు.

నేనిప్పుడు మదనపల్లెలో ఉంటున్నాను. శివరాత్రి వెళ్లాక నా తలుపులకూ కిటికీలకూ నేనే నూనె పట్టిస్తాను. వానాకాలంలో కుంచె పట్టుకుని వచ్చినవాళ్లను గుమ్మం దగ్గర నుంచే పంపేస్తాను. బంధువుల ఇళ్లలో కోడలు వచ్చిన వేళ బాగాలేదనో, దాని చేతివాసి మంచిది కాదనో ఎవరైనా నోరు జారితే, ముందు ఆ పాడైన వస్తువు నాకు చూపించమంటాను. నన్ను నోటిదురుసు మనిషి అంటారు. అననీ.

అందరూ ఆ చెంపదెబ్బ గురించే అడుగుతారు, నాన్న మీద ఇంకా కోపమా అని. ఉంది. కానీ దాంట్లో సగమే ఆయన వాటా. మిగతా సగం, అంతా తెలిసి కూడా నోరు మూసుకుని, అంచు నలగకుండా జాగ్రత్తగా ఆ కాగితం చింపి మా అమ్మకు అందించిన ఈ చేతి మీద.