రెండో చంద్రుడు

రిటైరయ్యాక లక్సెట్టిపేటలో మా వీధివాళ్లం కొందరం ఆదివారాలు ఒకచోట చేరి వేదాంతం చదువుకునేవాళ్లం. చదివి చెప్పే పని నాది. ఉన్నది ఒక్కటే అయినా అజ్ఞానం వల్ల అనేకంగా తోస్తుందనడానికి పెద్దలు ఒక ఉదాహరణ చెబుతారు. కన్ను చెడినవాడికి ఒకే చంద్రుడు ఇద్దరుగా కనిపిస్తాడని. నిజం తెలిస్తే ఆ భ్రమ పోతుందని కూడా నేను చెప్పేవాణ్ని.

పోయినేడాది వానలు వెనకబట్టాక ఒక సాయంత్రం, డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ నా భార్య పిలిచింది.

"గిటు రా జర. నాకు చందమామలు రెండు కనవడుతున్నయ్. నువ్వు గూడ ఇద్దరు కనవడుతున్నవ్. ఒక్కనితోనే పరేషానైతున్న" అని నవ్వింది.

నాకు సంబరమైంది. ఏళ్లుగా పుస్తకంలో చదువుతున్నది నా ఇంట్లోనే జరిగింది! పక్కపక్కనా, కిందామీదా అని గుచ్చి గుచ్చి అడిగాను. డాక్టరు దగ్గరికి పోవాలన్న మాటే తోచలేదు. ఆదివారం ఆమెను వెంట తీసుకెళ్లి, ఆ ఉదాహరణ రాగానే "మా ఇంటామెనే అడగండి" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కొంగు సర్దుకుని తల దించుకుంది.

మర్నాడు పొద్దున చాయ్ పోస్తూ, అక్కడ లేని గ్లాసులో పోసింది. ఎడమచేయి బొబ్బలెక్కింది.

కరీంనగర్‌లో డాక్టరు చూసి, షుగరు వల్ల కన్నును తిప్పే నరం దెబ్బతిందన్నాడు. "ముందే ఎందుకు తీస్కరాలే?" అని నన్నే అడిగాడు.

ఒక కంటికి పట్టీ కట్టి పంపాడు. తిరుగు బస్సులో అడిగాను.

"భయమైందా?"

"కాదా మరి? కండ్లు పోతయేమో అనుకున్న."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు గంత సంబరంగ అడుగుతుంటే ఏం చెప్పాలె?" కిటికీలోంచి చూస్తూ మళ్లీ అంది. "ఒక్కటే ఉన్నదని నాకు తెలుసు. తెల్సినా రెండే కనవడ్డయ్. తెలిస్తె పోతదంటవ్ గదా, నాకెందుకు పోలే?"

దానికి శాస్త్రంలో జవాబుంది. నోటిదాకా వచ్చింది కూడా. సిగ్గేసి ఊరుకున్నాను.

చలికాలం పోయేసరికి చూపు కుదురుకుంది. చేతి మీద మచ్చ ఉండిపోయింది. ఆదివారాలు ఇప్పుడు ఇంకొకరు చదువుతున్నారు, నేను వెనక కూర్చుంటున్నాను. ఆమె మాత్రం రాదు. ఒకసారి రమ్మని పిలిచాను.

"నువ్వు పోయిరాపో" అంది పల్లీలు ఒలుస్తూ, గొంతులో కోపమేమీ లేకుండా.

చెప్పులు వేసుకున్నాక కూడా కాసేపు గడపలోనే నిలబడ్డాను.