ఐసులో పెట్టిన ప్లేట్‌లెట్లు

అనంతపురం ల్యాబ్‌లో చేరిన మొదటి వేసవిలో నేను గొంతు చించుకుని అరిచింది ఒక గోనెపట్టా గురించి.

ఆ ఉదయం తాడిపత్రి నుంచి బండల పాలిష్ పనిచేసే పెద్దాయన వచ్చాడు. పుచ్చిన పన్ను పీకించుకోవాలి. కానీ చిన్న గాయమైనా ఆయనకు రక్తం ఓ పట్టాన ఆగదు. కారణం తేలేదాకా పన్ను ముట్టుకోనని డాక్టరు మా దగ్గరికి పంపాడు.

"నెల దినాలయింది పాపా, చెనిక్కాయ నమిలి. సంగటి మింగేదే కాబట్టి బతికినా," అన్నాడు చెయ్యి చాపుతూ.

రక్తం తీసి, ట్యూబు మా ల్యాబ్ అసిస్టెంట్ అన్నకిచ్చి "జాగ్రత్త" అన్నాను. ఫోన్ మోగితే వరండాలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అన్న చెరకురసం బండి దగ్గర ఐసు తెచ్చి, గోనెపట్టాలో చుట్టి, ట్యూబును అందులో పాతేశాడు.

"ఏంటన్నా ఇది! చలి తగిలితే ప్లేట్‌లెట్లు రెచ్చిపోతాయి!"

"ఏమ్మా, ఈ ఎండకు పాలే విరిగిపోతాండాయి. నెత్తురు నిలుస్తాదా?"

అరుస్తూనే పాఠం చెప్పాను. ప్లేట్‌లెట్ పొర అంటే రెండు వరసల కొవ్వు. అందులో ఒక రకం మామూలుగా లోపలి వరసలోనే ఉంటుంది. గాయమైందని కబురు అందగానే బయటి వరసకు వచ్చేస్తుంది. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు దాని మీదే చేరతాయి. ఈయనకు ఆ మార్పు సరిగా జరుగుతోందా అన్నదే నేను చూడాలి. ముందే రెచ్చిపోయిన వాటిలో ఏం చూడను?

అన్న శ్రద్ధగా విన్నాడు. "అంటే, కోపమొస్తే లోపలుండేదంతా బయటేసేది. నీ మాదిరే."

పెద్దాయన పకపకా నవ్వి రెండో చెయ్యి చాపాడు. "ఆయప్పను ఏమనొద్దు పాపా. ఊరికే కారిపోయే నెత్తురే కదా, ఇంగొంచెం తీసుకో."

ఈసారి ఫోన్ బ్యాగులో పడేసి ట్యూబు పక్కనే కూర్చున్నాను. కదిలించనంతసేపూ కొవ్వు లోపలే ఉంది. రెచ్చగొట్టే మందు కలపగానే యంత్రం తెరమీద ఒక్కో ప్లేట్‌లెట్‌కు ఒకటిగా ఉన్న చుక్కలన్నీ గుంపుగా పక్కకు జరిగాయి. కొవ్వు బయటికొచ్చేసింది. లోపం అక్కడ లేదు.

మరెక్కడ? "మాత్రలేమైనా వేసుకుంటారా?" అని అప్పుడు అడిగాను.

"మాత్రలా? రోగముంటే కదా!"

"బండలు మోసి భుజాలు నొయ్యవా?" అన్నాడు అన్న.

"నొయ్యకుండా ఉంటాయా! దానికి టీ అంగట్లో తెల్లబిళ్ల ఇస్తారు కదా. ఫ్యాక్టరీలో అందరం దినామూ టీతో ఏసుకునేదే. అదీ మాత్రేనా?"

అలాంటి నొప్పిబిళ్లలు ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అంటుకోనివ్వవు. రక్తం తియ్యకముందే అడగాల్సిన ప్రశ్న అది. అన్న నావైపు చూశాడు. నేను గోనెపట్టా పిండి కిటికీలో ఆరేశాను.

డాక్టరు ఆ బిళ్ల మాన్పించి, కొన్నాళ్లు ఆగి పన్ను తీశాడు. తర్వాత ఓ మధ్యాహ్నం ఫోన్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. చాలాసేపు కరకరమని నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. చివర్లో, "చెనిక్కాయలు! వినపడతాండాదా పాపా?"

స్పీకర్ పెట్టి అన్నకు మూడుసార్లు వినిపించాను.