నల్ల డబ్బా, ఖాళీ డబ్బా

ఆ రోజు పొద్దుటి నుంచీ నా చేతులు ఒకచోట నిలవలేదు. ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ థియేటర్ల ఆంప్లిఫయర్లు బాగుచేసే చిన్న షాపులో నేను ఊడ్చే పనికి చేరి, సోల్డరింగ్ దాకా వచ్చాను. మా యజమాని మధురానగర్‌లో పెళ్లికి వెళ్తూ, మొదటిసారి ఒక ఆంప్లిఫయర్‌ను నాకు వదిలేశారు.

"రెండు కెపాసిటర్లు ఉబ్బాయమ్మా, మార్చి ఇచ్చెయ్. ఇక నుంచి నీకు వదలొచ్చో లేదో చూద్దాం."

ఆ చివరి మాటే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

దాన్ని తెచ్చిన థియేటర్ డ్రైవర్ గుమ్మంలోనే నిలబడ్డాడు. "జర జల్ది అక్కా. గాడ ఆర్టిస్టు వచ్చి కూసున్నడు."

"నువ్వు వెలుతురుకు అడ్డం లేకుంట జరుగు, చేస్త."

మా షాపులో పాత కెపాసిటర్ పీకేముందు, దాని ప్లస్ కాలు దగ్గర బోర్డు మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క పెడతాం. బొట్టు పెట్టడం అంటాం. కొత్తది తిరగేసి బిగిస్తే పేలిపోవచ్చు. ఆ తొందరలో బొట్టు మరిచి రెండూ పీకేశాను. బోర్డు మీద గుర్తులు ఎప్పుడో మాడిపోయాయి. ఇక సర్క్యూట్ డయాగ్రమే దిక్కు.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఈ గుర్తులు ఆ తర్వాత నేర్చుకున్నవి. నాకు తెలిసిన కెపాసిటర్ అంటే రెండు గీతలు. తిన్నగా ఉన్నది ప్లస్, వంగింది మైనస్. ఇందులో గీతలు లేవు. రెండు సన్నని డబ్బాలు, ఒకటి ఖాళీ, ఒకటి నల్లగా నింపింది. పక్కన ప్లస్ గుర్తు ఉండి ఉంటే, అది జిరాక్స్‌లో పోయి ఉంటుంది. ఖాళీ బిందెతో ఎదురు రాకూడదని వింటూ పెరిగినదాన్ని. నిండినదే ప్లస్ అనుకుని రెండూ అతికించేశాను.

స్విచ్ మీద వేలు పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను. చివరికి యజమానికి ఫోన్ చేశాను.

"సారూ, గిందుల గీతలు లెవ్వు. డబ్బాలున్నయి. ఒకటి ఖాళీ, ఒకటి నల్లగ."

"బొట్టు పెట్టలేదా ఏంటి?"

మూత తీయని గోళ్లరంగు సీసాను పక్కకు నెట్టాను.

"కరెంట్ ఇచ్చేశావా?"

"ఇయ్యలే."

అవతల మేళం మోగుతోంది. ఆయన గొంతు పెంచారు. "నల్ల డబ్బా నుంచి గీత ఎటు పోతోందో వేలు పెట్టి చూడు."

చూశాను. ఒకదాని కింద ఒకటి, చిన్నవైపోతూ మూడు గీతలు. ఎర్త్ గుర్తు. ఈ రకం ఆంప్లిఫయర్‌లో అక్కడికి పోయేది మైనస్.

"నల్లదే మైనస్, సారూ. నేను ఉల్టా పెట్టిన."

"తిప్పు మరి, నన్ను అడుగుతావేంటి?"

డ్రైవర్ తల పట్టుకున్నాడు. "మళ్ల పీకుతున్నవా?"

"పేలితే ఆ చప్పుడుకే డబ్బింగ్ చెప్పుకొమ్మను, మీ ఆర్టిస్టును."

తిప్పి అతికించి, స్విచ్ వేసి, చెవులు మూసుకుని వెనక్కి జరిగాను. పేలలేదు. పరీక్షకు తగిలించిన స్పీకర్ సన్నగా గుయ్యిమంది. డ్రైవర్ ఆంప్లిఫయర్‌ను చంటిపిల్లలా ఎత్తుకుని పరుగెత్తాడు.

సాయంత్రం యజమాని వచ్చారు. ఇంకో ఆంప్లిఫయర్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. దాని మీద గోళ్లరంగు సీసా పెట్టారు.